కొళాయి కారుతోందా? ప్లంబర్‌కి ఫోన్ చేసే ముందు, స్పానర్ పట్టే ముందు

ముందే చెప్పేస్తున్నా, ప్లంబర్‌కిచ్చే మూడు నాలుగు వందలు మిగుల్చుకుందామని స్పానర్ పట్టుకుంటే మొదటిసారి దాదాపు ఖాయంగా నష్టమే. నేను పట్టుకున్నాను, బాగా నష్టపోయాను, సిగ్గు లేకుండా మళ్లీ పట్టుకున్నాను, ఇప్పుడు మొత్తం మీద కాస్త లాభంలోనే ఉన్నాను. బెంగళూరు వచ్చి పదకొండేళ్లు, మూడు అద్దె ఇళ్లు, ప్రస్తుతం మున్నేకొళాలలో ఒక ఇంట్లో మూడో అంతస్తు. సగం బోరు నీళ్లు, సగం ట్యాంకర్ నీళ్లు. ఈ నీళ్లు తగిలిన కొళాయి ఏదైనా సరే ఏడాది తిరక్కుండా ఏదో ఒక రోగం తెచ్చుకుంటుంది కాబట్టి అనుభవానికి మాత్రం కొదవ లేదు.

అన్నట్టు మాది మదనపల్లె, మేం కొళాయి అంటాం. మా ఆవిడది వరంగల్, తను నల్లా అంటుంది. కింద ఉండే ఓనరు ఆంటీ కన్నడం, వాళ్లు కొళాయిని నల్లి అంటారు. కొత్తలో ఆవిడ మెట్లెక్కి వచ్చి "నిమ్మ మనె నల్లి సోర్తా ఇదె" అని చెప్పి వెళ్తే, మిగతా ముక్కలు అర్థం కాకపోయినా ఆ ఒక్క మాట పట్టుకుని మా ఆవిడ పరుపులన్నీ డాబా మీద ఎండలో వేసింది. కొళాయి మాత్రం ఇంకో వారం కారింది.

సరే, విషయానికొద్దాం. ఏ పని మనం చేసుకోవచ్చు, ఏది ప్లంబర్‌కి వదిలేయాలి అని అడిగితే అందరూ "చిన్న పనైతే మీరే చేసుకోండి" అంటారు. చిన్నదో పెద్దదో మనకెలా తెలుస్తుంది? కొళాయి మార్చడం చూడ్డానికి చిన్న పనే. నన్ను ముంచింది అదే.

ఆ ఆదివారం సంగతి చెప్తాను. స్నానాల గదిలో బకెట్ దగ్గరి కొళాయి చుక్క చుక్కగా కారుతోంది. వీడియో ఒకటి చూశాను, అందులో అతను రెండు నిమిషాల్లో పాతది తిప్పి తీసి కొత్తది బిగించేశాడు. మన బాత్రూమ్‌లో విడిగా వాల్వు లేదు, డాబా మీద ట్యాంకు దగ్గర పాత గేట్ వాల్వు ఒకటే ఉంది. పైకెళ్లి దాన్ని తిప్పాను, చక్రం కొంత తిరిగి ఆగింది, కిందికొచ్చి చూస్తే సన్నగా ధార ఇంకా వస్తూనే ఉంది. ఈ కాస్త నీళ్లకేంలే అనుకున్నాను. స్పానర్ పెట్టి తిప్పితే కొళాయి కదల్లేదు. లోపల మరలకి సున్నం గారలా పట్టేసి ఉంటుందని అప్పటికి నాకు తెలీదు, బరువంతా వేసి నొక్కాను. టక్కుమని చిన్న చప్పుడు. కొళాయి చేతిలోకి చాలా తేలిగ్గా వచ్చేసింది. మర ఉండాల్సిన చోట సగం మరే ఉంది, మిగతా సగం గోడలో ఉండిపోయింది.

నీళ్లు ఎదురు గోడకి కొట్టాయి. బొటనవేలు అడ్డం పెట్టి కేక వేస్తే మా ఆవిడ డాబా మీదికి పరిగెత్తింది, అక్కడ వాల్వు చక్రం గిరగిరా తిరుగుతోందట గానీ మూసుకోవడం లేదు. తువ్వాలు చుట్టి కుక్కాను, లాభం లేదు. వెయ్యి లీటర్ల ట్యాంకు ముప్పావు గంటలో ఖాళీ. ఆ ట్యాంకు నీళ్లే రెండో అంతస్తు వాళ్లకీ వెళ్తాయి, ఆదివారం పూట తలంటుకుని షాంపూ కళ్లతో ఉన్న మనిషి తలుపు కొడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ప్లంబర్ సాయంత్రం నాలుగింటికి వచ్చాడు. ఈ ఊళ్లో చాలామంది ప్లంబర్లలాగే అతనిదీ ఒడిశాలోని కేంద్రాపడా జిల్లా. అక్కడి పట్టాముండైలో ప్లంబింగ్ నేర్పడానికి ప్రత్యేకంగా ప్రభుత్వ సంస్థే ఉంది, అంతగా ఆ పనికి పేరుబడ్డ ప్రాంతం. హ్యాక్‌సా బ్లేడు ముక్క ఒకటి చేత్తో పట్టుకుని గోడలో ఇరుక్కున్న ఇత్తడి ముక్కని లోపలి నుంచి నెమ్మదిగా కోశాడు, కోసిన చోట చిన్న ఉలి పెట్టి లోపలికి వంచాడు, ప్లయరుతో చుట్టలా బయటికి లాగేశాడు. ఇరవై నిమిషాలు. టైల్ ఒక్కటి కూడా పగల్లేదు, అవతల ఫిట్టింగు మరలు కూడా చెడిపోలేదు. ఆ బ్లేడు నా చేతిలో ఉండుంటే ఆ మరలు కూడా కోసేసి ఉండేవాణ్ని, అప్పుడు గోడ పగలగొట్టాల్సిందే.

బిల్లు: రావడానికి 200, విరిగిన ముక్క తీయడానికి 500, డాబా మీద పాత గేట్ వాల్వు తీసేసి పెట్టిన కొత్త బాల్ వాల్వు 450, దాని కూలి 400, కొళాయి 480. మొత్తం 2,030. ముందే అతన్ని పిలిచి ఉంటే కొళాయితో కలిపి 730లో అయిపోయేది. వెళ్తూ వెళ్తూ హిందీ, కన్నడం కలిపి ఒక మాటన్నాడు: "ముందు వాల్వు సార్, కొళాయి తర్వాత."

అప్పట్నుంచీ నాకు అదే లెక్క. పని చిన్నదా పెద్దదా అని చూడను. ఆ చోటికి వచ్చే నీళ్లని నా చేత్తో, పూర్తిగా, ఒక్క చుక్క రాకుండా ఆపగలనా? ఆపగలిగితే నా పని. తప్పు చేసినా నష్టం ఒక వాషరో, ఒక కొళాయో. మళ్లీ కొనుక్కోవచ్చు, లేదా వాల్వు కట్టేసి ఉంచి రేపు ప్లంబర్‌ని పిలవచ్చు, ఈ లోపు ఇల్లు పొడిగానే ఉంటుంది. ఆపలేకపోతే అది ఎంత చిన్న పనైనా ప్లంబర్ పనే.

డబ్బుల లెక్క

మా వైపు నాకు పడుతున్న రేట్లు చెప్తున్నా, మీ ఏరియాలో కాస్త అటూ ఇటూ ఉంటాయి. వచ్చి చూసినందుకు 200 నుంచి 300. కొళాయి మార్చడానికి 150–250. ఫ్లష్ ట్యాంకు లోపలి సామాను మార్చడానికి 350–500. సింకు జామ్ తీయడానికి 400–600. సామాను ఖర్చు వేరే. పని చేయిస్తే వచ్చినందుకు తీసుకునే చార్జీ అందులోనే కలిపేస్తారా, విడిగానా అన్నది ఫోన్‌లోనే తేల్చుకోండి, గొడవలన్నీ అక్కడే వస్తాయి.

యాప్‌లో పిలిస్తే రేటు ముందే కనిపిస్తుంది, టైముకి వస్తాడు, మళ్లీ కారితే అడగడానికి ఒక దారి ఉంటుంది. కానీ చిన్న పనులకి పేటలోని మనిషే నయమని నా అభిప్రాయం. మన బిల్డింగు పైపులు ఎటు నుంచి ఎటు వెళ్తున్నాయో అతనికి తెలిసి ఉంటుంది, రెండోసారి వచ్చినప్పుడు చూసిన చార్జీ అడగడు కూడా. కాకపోతే అతని టైము అతనిది. "టిన్ ఫ్యాక్టరీ దగ్గరున్నా సార్, పది నిమిషాలు" అన్నాడంటే, అది ట్రాఫిక్ నిలిచిపోయే కూడలి కాబట్టి ఎప్పుడొస్తాడో తెలీదు, ఆ రోజు మీటింగులు కెమెరా ఆపుకుని చేసుకోవాలి.

ఇప్పుడు మన వైపు. పది అంగుళాల స్క్రూ స్పానర్ 350, జామ్ తీసే రబ్బరు పంపు 120, మరలకి చుట్టే టెఫ్లాన్ టేపు నాలుగు చుట్టలు 60, మంచి స్క్రూడ్రైవరు ఒకటి, వాటర్ పంప్ ప్లయరు ఒకటి, అన్నీ కలిపి వెయ్యి లోపల తేలిపోతుంది. ఒకసారి కొంటే ఏళ్ల తరబడి ఉంటాయి. అంటే మొదటి రెండు మూడు రిపేర్ల కూలి ఈ సామాన్లకే పోతుంది, లాభం ఆ తర్వాత.

ఎవరూ వేయని ఖర్చు ఇంకోటి ఉంది, హార్డ్‌వేర్ షాపుకి తిరగడం. అర అంగుళమా ముప్పావా అని షాపతను అడుగుతాడు, మనం వేళ్లతో చూపిస్తాం, అతను ఏదో ఇస్తాడు, అది పట్టదు. రెండోసారి వెళ్లేసరికి షాపు కట్టేసి ఉంటుంది. పాత ముక్క విప్పి జేబులో వేసుకుని వెళ్లండి, ఫొటో చాలదు. ముఖ్యంగా పావు తిప్పుతో మూసుకునే సిరామిక్ స్పిండిల్ (కొళాయి పిడి కింద తిరిగే ముక్క) అయితే పొడవు, పైన పళ్ల లెక్క కంపెనీకొకలా ఉంటాయి, మిక్సర్‌లో అయితే వేడి వైపుది, చల్ల వైపుది తిరిగే దిశ కూడా వేరుగా ఉండొచ్చు. మా నాన్న మదనపల్లెలో పాత ఇత్తడి కొళాయికి చెప్పులు కుట్టే ఆయన దగ్గర తోలు ముక్క తెచ్చి గుండ్రంగా కత్తిరించి వాషరు వేసేవాడు, మర కారితే సఫేదా అనే తెల్ల ముద్ద పూసి దారం చుట్టేవాడు. ఆయన ఇప్పటికీ ఫోన్‌లో "వాషరే కదరా, నువ్వే వేసెయ్" అంటాడు. ఇప్పటి కొళాయిల్లో సగం వాటికి వాషరే ఉండదు నాన్నా అంటే నమ్మడు.

ఇంతకీ కారే నీళ్లకి ఎంత పోతోంది? ఇది లెక్కేస్తే నాకే నవ్వొచ్చింది. 2024 మార్చిలో నీళ్ల కరువొచ్చినప్పుడు బెంగళూరు జిల్లా యంత్రాంగం ట్యాంకర్లకి రేటు కట్టింది కదా, ఐదు కిలోమీటర్ల లోపు 12,000 లీటర్లకి 1,000 రూపాయలని. లీటరు ఎనిమిది పైసల చిల్లర. కొళాయి సెకనుకో చుక్క కారుతోంది, 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుంటే రోజుకి 86,400 చుక్కలు, అంటే నాలుగు లీటర్ల చిల్లర. నెలకి 130 లీటర్లు, పదకొండు రూపాయలు! దానికి ప్లంబర్‌ని పిలిచి 400 ఇస్తే ఆ డబ్బు వెనక్కి రావడానికి మూడేళ్లు. కాబట్టి చుక్క పడుతోందని అర్ధరాత్రి టెన్షన్ పడకండి, కింద బకెట్ పెట్టుకుని, మిగతా పనులు పోగయ్యాక అన్నీ కలిపి చేయించుకోండి.

ఫ్లష్ ట్యాంకు అలా కాదు. అది చప్పుడు లేకుండా కారుతుంది. ఐదు నిమిషాలకి ఒక లీటరు చొప్పున కమోడ్ లోపలి వెనక వైపు వెంట జారిపోతుంటే కంటికి తడి మెరుపు తప్ప ఏమీ కనిపించదు, కానీ రోజుకి 288 లీటర్లు, నెలకి 8,640, ట్యాంకర్ రేటులో 720 రూపాయలు. ట్యాంకర్ కోసం క్యూ కట్టిన ఆ రోజుల్లో మా బిల్డింగులో రెండు ఇళ్లలో ఇలాగే కారుతోందని తర్వాత బయటపడింది. అందరూ బోరు మీద అనుమానపడ్డాం.

మనమే చేసుకోదగ్గవి

కొళాయి మూతికి ఉండే జల్లెడ, అదే ఏరేటర్. 2024 మార్చిలోనే జలమండలి అపార్ట్‌మెంట్లకీ, హోటళ్లకీ ఇవి పెట్టి తీరాలని ఆదేశించడంతో ఈ ఊళ్లో చాలామంది జీవితంలో మొదటిసారి కొళాయి మూతి విప్పారు. బిగించిన వాళ్లు కడగడం మర్చిపోయారు, ఇప్పుడు "ప్రెషర్ రావట్లేదు" అని ప్లంబర్‌ని పిలుస్తున్నారు. తాగే నీళ్లలో కాఠిన్యం, అంటే కరిగి ఉన్న సున్నం లాంటి లవణాలు, లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలనీ, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకోవచ్చనీ మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 చెప్తుంది. బోరు నీళ్లు వాడే ఇంట్లో కొళాయి చుట్టూ తెల్లగా పట్టే సున్నం చూస్తేనే సగం కథ తెలిసిపోతుంది. జల్లెడ విప్పి, గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల నిమ్మఉప్పు వేసి ఒక గంట నానబెట్టి పాత బ్రష్షుతో రుద్దండి. షవరు కూడా అంతే, విప్పడం రాకపోతే అదే నీళ్లు కవరులో పోసి షవరు తలకి కట్టేయండి. పాలరాయి మీద మాత్రం ఒలకనివ్వకండి, మచ్చ పడుతుంది. ఖర్చు పది రూపాయలు. ఇదే పనికి మా ఎదురింటాయన 300 ఇచ్చాడు, ప్లంబర్ చేసింది జల్లెడని గోడకి తట్టడం మాత్రమే.

హెల్త్ ఫాసెట్ (కమోడ్ పక్కన ఉండే చేతి షవరు), గీజరు కిందా వాష్‌బేసిన్ కిందా ఉండే కనెక్షన్ పైపులు. వీటన్నిటికీ ముందు యాంగిల్ కాక్ ఉంటుంది, దాన్ని మూసేస్తే నీళ్లు ఆగిపోతాయి, ఇంక భయం లేదు. గీజరు దగ్గరైతే ముందు దాని స్విచ్ ఆపి చల్లారనివ్వండి. ఇక్కడ అందరూ చేసే తప్పు, ఈ పైపుల నట్లకి కూడా టెఫ్లాన్ చుట్టడం. ఆ నట్టు లోపల చదునైన రబ్బరు వాషరు ఉంటుంది, నీటిని ఆపేది అదే, టేపు కాదు. చేత్తో బిగించి స్పానరుతో పావు తిప్పు చాలు, ఇంకా బిగిస్తే రబ్బరు నలిగి కారడం మొదలవుతుంది. టెఫ్లాన్ కావాల్సింది గోడలోకి వెళ్లే మరకి. మర కొన మన వైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే వైపు చుట్టాలి, రివర్సులో చుడితే బిగించేటప్పుడు ఊడి ఉండలా తయారవుతుంది.

హెల్త్ ఫాసెట్ వాడాక యాంగిల్ కాక్ మూసే అలవాటు చేసుకోండి. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఆ పైపు పగిలితే ఆపేవాళ్లుండరు.

ఇక ఫ్లష్ ట్యాంకు. చాలామంది మూత తీయడానికే భయపడతారు గానీ ఇంట్లో మనం నేర్చుకోదగ్గ రిపేరు ఏదైనా ఉందంటే ఇదే. ముందు కారుతోందో లేదో చూడాలి. ట్యాంకులో ఉజాలా నాలుగు చుక్కలు వేసి, ఇరవై నిమిషాలు ఎవరినీ ఫ్లష్ చేయనివ్వకండి. కమోడ్‌లో నీళ్లు నీలంగా మారాయంటే కారుతున్నట్టే. ఇప్పుడు మూత తీసి నీటి మట్టం చూడండి. లోపల నిలువుగా ఒక గొట్టం ఉంటుంది, నీళ్లు ఎక్కువైతే పొర్లి పోవడానికి. నీళ్లు ఆ గొట్టం అంచు దాకా వచ్చి అందులోకి జారుతుంటే తప్పు నీళ్లు నింపే వాల్వుది, ఫ్లోటు (నీటి మీద తేలే బుర్ర) ఎత్తు ఎక్కువైంది. చాలావరకు ఫ్లోటు పక్కన స్క్రూ ఉంటుంది, అది తిప్పి మట్టం గొట్టం అంచుకి ఒక అంగుళం కిందికి వచ్చేలా చేస్తే అయిపోయింది, పైసా ఖర్చు లేదు. అలా కాక నీళ్లు అంచుకి చాలా కిందే ఉండి ఇంకా తగ్గిపోతుంటే అడుగున ఉన్న వాషరు మూసుకోవట్లేదని అర్థం. యాంగిల్ కాక్ కట్టి, ఫ్లష్ చేసి ఖాళీ చేసి, లోపలి సెట్టు తిప్పి పైకి లాగండి. వాషరు కొత్తది కొనడానికి పరుగెత్తే ముందు అది ఆనుకునే అంచుని వేలితో తడిమి చూడండి. మా ఇంట్లో అక్కడ ఇసుక కాగితంలా గరుకుగా తగిలింది, సున్నమే. నిమ్మఉప్పు నీళ్లు పోసి రుద్దితే నున్నగా అయింది, పాత వాషరే మళ్లీ వేస్తే కారడం ఆగింది. మొదటిసారి నాకు గంటన్నర పట్టింది, ఇప్పుడు పావుగంట. గోడలో దాగి ఉండే ట్యాంకులైతే కంపెనీ మనిషికి వదిలేయండి, అందులో చెయ్యి పట్టదు, ముక్క లోపల పడితే తీయలేం.

సింకు జామ్ కూడా మన పనే. కింద బకెట్ పెట్టి బాటిల్ ట్రాప్, అదే సింకు కింద ఉండే సీసాలాంటి డబ్బా, చేత్తో విప్పండి, వచ్చేది చూసి ముక్కు మూసుకోండి, కడిగి మళ్లీ బిగించండి. ఇడ్లీ పిండి కడిగిన నీళ్లు, గంజి, ఆవకాయ జాడీ నూనె, మూడూ కలిస్తే సిమెంటు కంటే గట్టి. వేడి నీళ్లు పోస్తే కరుగుతుందంటారు, నిజమే కానీ మరుగుతున్నవి పోయకండి. సింకు కింద ఉండేది మామూలు పీవీసీ, అది 60 డిగ్రీలకి మించితే మెత్తబడుతుంది. గీజరు లైనుకి సీపీవీసీ వేసేది అందుకే, అది 90 దాటినా తట్టుకుంటుంది. కాస్టిక్ సోడా పొడి వాడితే చేతికి గ్లౌజులు, కళ్లకి అద్దాలు ఉండాలి, నీళ్లు తగలగానే అది భగ్గున వేడెక్కుతుంది. యాసిడ్ టాయిలెట్ క్లీనరూ, బ్లీచింగూ ఒకదాని మీద ఒకటి ఎప్పుడూ పోయకండి, క్లోరిన్ గ్యాస్ వస్తుంది. ఏదైనా పోసినా జామ్ పోక ప్లంబర్‌ని పిలిస్తే, ఏం పోశారో అతను ట్రాప్ విప్పే ముందే చెప్పండి. పాపం, కింద పడుకుని మొహం దగ్గర పెట్టుకుని విప్పేది అతను.

ముట్టుకోకూడనివి

గోడలోపల ఉన్నది ఏదైనా. నీళ్లని కొళాయికో షవరుకో మళ్లించే గోడలోని డైవర్టర్, కింది ఇంటి సీలింగులో చెమ్మ, టైల్స్ మధ్య నుంచి ఊరే తడి, ఇవన్నీ. సీలింగు చెమ్మ పైపుదో, స్నానాల గది నేలదో తేల్చడానికే అనుభవం కావాలి. మీరు చేయగలిగింది ఒకటుంది, రాత్రి అన్ని కొళాయిలూ కట్టేసి ట్యాంకులో మట్టం ఎక్కడుందో గుర్తు పెట్టుకుని పొద్దున చూడండి. తగ్గితే లైనులో ఎక్కడో పోతోంది, తగ్గకపోతే వాడినప్పుడే కారుతోంది. ఈ ఒక్క ముక్క ఫోన్‌లో చెప్తే ప్లంబర్‌కి సగం పని తగ్గుతుంది.

గీజరు లోపలిది ప్లంబర్‌కి కూడా ఇవ్వను, కంపెనీ సర్వీసుకే. రెండు వేల వాట్ల కరెంటు, నీళ్లు, ఒకే డబ్బాలో ఉంటాయి. దాని సేఫ్టీ వాల్వు నుంచి అప్పుడప్పుడు చుక్కలు పడతాయి, "కారుతోంది" అని దానికి బిరడా బిగించిన మహానుభావుణ్ని నేను చూశాను. ఆ చుక్కలే లోపలి ప్రెషర్ బయటికి పోయే దారి, దాన్ని మూయడమంటే వంటింట్లో కుక్కర్ విజిల్ వెల్డింగ్ చేయించడమే.

మ్యాన్‌హోల్, సెప్టిక్ ట్యాంకు పొంగితే మీరూ దిగకండి, ఇంకొకర్ని దింపకండి. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ లేకుండా మనిషిని దింపడం నేరం, పైగా లోపలి గ్యాసుకి నిమిషాల్లో ప్రాణం పోతుంది. మెషిన్ బండినే పిలవాలి.

ఇక మధ్యలో ఉండేది, నన్ను ముంచిన ఆ గోడ కొళాయి. వాల్వు పూర్తిగా మూసుకుంటుందని చూసుకున్నాకే మొదలుపెట్టండి, మామూలు బలానికి కదిలితే కానివ్వండి, కదలకపోతే అక్కడితో ఆగిపోండి. ఆగిపోతే ప్లంబర్ కూలి 200. మొండికేస్తే ఎంతో పైన చెప్పాను.

అద్దె ఇల్లైతే

ఈ ఊళ్లో మనలో ఎక్కువమంది అద్దెకే కదా ఉండేది. నెలల కొద్దీ అద్దె అడ్వాన్సుగా ఓనరు దగ్గర పెట్టి, అందులోంచి పెయింటింగుకి కోత పెట్టించుకునేవాళ్లం. కేంద్రం 2021లో ఒక నమూనా అద్దె చట్టం తెచ్చింది. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అది అమలవుతుంది గానీ, ఎవరి రిపేరు ఎవరిదన్న పట్టిక మాత్రం చూడదగ్గది. కొళాయిలు, వాటి వాషర్లు, డ్రైనేజీ శుభ్రం, కమోడ్, వాష్‌బేసిన్, గీజరు రిపేర్లు అద్దెకున్నవాళ్లవి. పైపులు మార్చడం, గోడలు, లోపలి వైరింగు ఇంటి యజమానివి. అగ్రిమెంటులో వేరేలా రాసుకుంటే అది వేరే సంగతి.

చూడండి, నా వాల్వు లెక్కా దాదాపు ఇదే. గోడ లోపలిది మీ డబ్బుతో చేయించకండి, చేత్తో అసలే ముట్టుకోకండి. ముందు ఫొటో తీసి ఓనరుకి వాట్సాప్ చేయండి, "ఆంటీ, ఇలా ఉంది, ప్లంబర్ ఇంత అంటున్నాడు" అని. మా ఓనరు ఆంటీ ఆ బాల్ వాల్వు డబ్బులు, దాని కూలి కలిపి 850 అద్దెలో తగ్గించుకోమంది. విరిగిన ముక్క తీసిన 500 అడిగే ధైర్యం నాకూ లేకపోయింది, ఆవిడా ఆ మాటెత్తలేదు.

పిలిచేటట్టయితే

ఒక్క పనికి పిలవకండి. ఇంటికి వచ్చినందుకు తీసుకునే చార్జీ ఒక కొళాయికీ అంతే, నాలుగు పనులకీ అంతే. మేం ఫ్రిజ్ మీద చీటీ పెట్టుకున్నాం, ఏది పాడైతే అది రాస్తాం. పిలిచేటప్పుడు పది సెకన్ల వీడియో పంపండి, ఏ సామాను తేవాలో అతనికి తెలిస్తే మధ్యలో షాపుకి వెళ్లే గంట కలిసొస్తుంది, ఆ గంట మన కూలి లెక్కలోనే పడుతుంది మరి. సామాను ఎవరు కొనాలన్నదాని మీద నా మాట: కొళాయి, షవరు లాంటివి మనమే కొనాలి, బిల్లు, గ్యారంటీ కార్డు మన దగ్గరుంటాయి. వాషర్లు, నిపుల్స్ (అతికే చిన్న పైపు ముక్కలు), టేపు అతన్నే తెమ్మనండి, అందులో ఇరవయ్యో ముప్పయ్యో మిగుల్చుకుంటే మిగుల్చుకోనివ్వండి, మనం వెళ్తే తప్పు సైజు తెస్తాం. మార్చేసిన పాత ముక్క తీసుకెళ్లనివ్వకండి, తర్వాత మీరే షాపుకి వెళ్లాల్సి వస్తే అదే కొలత.

పనయ్యాక వాల్వు తెరిచి పది నిమిషాలు ఆగండి, అతనికి టీ ఇవ్వండి, ఈ లోపు ప్రతి అతుకు చుట్టూ పొడి టిష్యూ ముక్క తిప్పి చూడండి. చేతికి తెలియని తడి కాగితానికి తెలిసిపోతుంది. డబ్బులు ఆ తర్వాత.

ప్రస్తుతం మా చీటీలో మూడున్నాయి: వంటింటి సింకు వేస్ట్ పైపు వదులు, పెద్ద బాత్రూమ్ గోడ కొళాయి గట్టిగా తిరుగుతోంది, వాషింగ్ మెషిన్ కొళాయి చుక్క. మొదటిది శనివారం నేనే బిగిస్తాను, మిగతా రెండిటికీ ఆదివారం అతన్ని రమ్మన్నాను, పట్టాముండై నుంచి మొన్ననే తిరిగొచ్చాడట.